తకారమా, దకారమా

సూర్యారావుపేటలో ప్రెస్సు పైన రేకుల గది.
మధ్యాహ్నం మూడింటికి రేకు కాగి
ప్రూఫు కాగితాలు అప్పడాల్లా వంకర తిరుగుతాయి.
పేజీకి పద్నాలుగు రూపాయలు.
ఈ ఏడాది వచ్చినవన్నీ అమ్మాయిల నవలలే.
రాసేదీ అమ్మాయిలే,
ఇంట్లోంచి బయలుదేరేదీ అమ్మాయిలే.

నా పని అక్షరాలతోనే.
వత్తు జారితే ఎత్తి పెడతాను,
దీర్ఘం మింగితే కక్కిస్తాను,
వాక్యం జోలికి పోను.
"కథ మనది కాదు రత్నం గారూ" అని
చేరిన రోజే చెప్పాడు ఓనరు.
ఇరవై ఆరేళ్లయింది.

అయినా పెన్సిలు ఊరుకోదు.
మొదటి నవల పిల్ల నలభయ్యో పేజీలో
రాజీనామా ఇచ్చేసి కొండలెక్కింది.
మార్జిన్లో సన్నగా రాశాను:
హాస్టలు అడ్వాన్సు వెనక్కిచ్చారా?
రెండో పిల్ల అర్ధరాత్రి జుట్టు కత్తిరించుకుంది.
పొద్దున ఊడ్చిందెవరు?
మూడో పిల్ల వానలో తడుస్తూ
"నాకు నేను దొరికాను" అంది.
టైపులో అది "దొర్లాను" అయింది.
దిద్దడానికి కాసేపు చెయ్యి రాలేదు.

తర్వాత నా ప్రశ్నలన్నీ రబ్బరుతో చెరిపి
పొట్టు ఊదేస్తాను.

టైపు చేసేది నాగూర్‌బీ. ఇరవై రెండేళ్లు.
తెనాలి నుంచి పాసింజరులో వస్తుంది,
హీరోయిన్లని పక్కవాటా పిల్లల్లా తిడుతుంది.
"ఈమెగారు ఏ బండెక్కినా కిటికీ సీటే దొరుకుద్ది చూడక్కా,
నాకు కృష్ణా కెనాల్ దాకా నిలబడ్డమే."
నవ్వుతాను.
తలొంచుకుని మళ్లీ మొదలుపెడుతుంది.
ఆ వేళ్ల కింద నుంచి
ఎంతమంది పిల్లలు గుమ్మం దాటిపోయారో,
సాయంత్రానికి వేళ్లు మాత్రం
టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ ఇక్కడే.

నాలుగో నవల పిల్ల ఎక్కడికీ పోదు.
బందరు కాలవ పక్కన అద్దె గది, కుట్టుమిషను.
రాత్రి పది దాటాక తలుపేసుకుని
ఏమీ చెయ్యదు.
ఆరు పేజీలు, ఏమీ చెయ్యదు.
ఎవరి కోసమూ కాకుండా కూచుంటుంది.
పొయ్యి మీద పాలు పొంగుతున్నా
వింటూ కూచుంటుంది.
ఒళ్లు మండింది నాకు.
పాలు పొంగుతుంటే లేవదేమిటి!
స్టవ్వు కట్టేద్దామని నేనే లేచాను, నిజంగా.
ప్రెస్సులో స్టవ్వు లేదని
గుమ్మం దాకా వెళ్లాక గుర్తొచ్చింది.

ఇన్నేళ్లలో ఏ పుస్తకమూ
నన్ను కుర్చీలోంచి లేపలేదు.

ఆ రాత్రి చిట్టినగర్లో
అందరి కంచాలూ తీసి, గిన్నెలు బోర్లించి
మెట్ల మీద కూచున్నాను, ఏమీ చెయ్యకుండా.
కొండ మీద ఇళ్ల దీపాలు ఒక్కొక్కటే ఆరుతున్నాయి.
లెక్కపెట్టకూడదు అనుకున్నాను, లెక్కపెట్టడం కూడా పనే.
ఇంతలో కొళాయి చుక్క.
మళ్లీ చుక్క.
లేచాను.
ఆ పిల్ల ఆరు పేజీలు,
నేను రెండు నిమిషాలు.

మర్నాడు నాగూర్‌బీ అడిగింది:
"ఈవిడ సగం పుస్తకం వెదుక్కుంది అని రాసింది,
సగం వెతుక్కుంది అని.
దకారం ఉంచనా, తకారం ఉంచనా?"
పుస్తకానికి ఒకే రూపం, అది ఓనరు రూలు.
నిఘంటువు రెండూ ఒప్పేనంటుంది.
నోట్లో అని చూసుకున్నాను.
త, తలుపు తట్టినట్టుంది.
ద, చీకట్లో సంచీ అడుగున
తాళంచెవి కోసం తడుముకున్నట్టుంది.
"రెండూ ఉండనీ."
"అయ్యగారు తిడతారక్కా."
"తిట్టనీ."
నా వంక ఒకసారి చూసి సేవ్ చేసింది.

"ఇంతకీ లేచిందా ఆ పిల్ల?" అన్నాను.
"ఆఖరి చాప్టరు ఆవిడింకా పంపలేదు"
అంటూనే చెప్పులేసుకుని
ఐదూ నలభై బండికి పరుగెత్తింది.

కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదించింది.
కిటికీ వెలుతురులో మార్జిన్లో రాశాను:
మాడిన గిన్నె ఎప్పటికి తోముతుంది?
అలవాటుగా రబ్బరు కోసం
బల్ల మీద వెతికాను.
సొరుగులో, కాగితాల కింద,
ఒళ్లో
వెదికాను.