ఒక్క గుంజుడు

ముహర్రక్‌ల పాత ఇల్లొకటి బాగు చేస్తున్నం.
సముద్రపు రాతి గోడలు, గచ్చు ఊడి
పుచ్చిన పండ్ల లెక్క.
నేను మెట్‌పల్లి మేస్త్రిని, సున్నం పని ఎర్క.
తట్టి చెవి పెడితె గోడే చెప్తది
లోపల డొల్లనో, గట్టినో.

పనోళ్ళ అర్రల ఒక చెక్క మేకు,
దానికి జానెడు తాడు ముక్క.
"ముట్టకు" అన్నడు కావలి ముసలాయన మర్జూక్.
"అది మా తాత చెయ్యి."

తాత పేరు సంగూర్.
నఖూదా పడవ మీద తాడు పట్టేటోడు.
తాడు కింది కొసకు ఫైరూజ్, చెల్లె మొగడు.
కాలికి రాయి, ముక్కుకు తాబేటి చిప్ప చిమ్ట,
మెడల బుట్ట, వేళ్ళకు తోలు తొడుగులు.
చెవులు ఎన్నడో పగిలినయ్,
అందుకే దేవునితోని గట్టిగ మాట్లాడేటోడట.
పొద్దుగాల నాలుగు ఖర్జూరాలు, గుక్కెడు కహ్వా.
కడుపు నిండితె మునగలేరు గద,
ఆకలి గూడ పడవల ఒక పనిముట్టు.

ఒక్కసారి గుంజితె, పైకి లాగు.
గంతే భాష.

ఆ దినం ఫైరూజ్ రెండు మార్లు ఉత్త బుట్టతోని లేచిండు.
నఖూదా వచ్చి సంగూర్ పక్కన నిలవడ్డడు.
మూడోసారి తాడు అదిరింది.
"ఆగు. నిండనియ్యి."
మళ్ళ అదిరింది.
"ఆగు."

మర్జూక్ ఇక్కడ సిగరెట్ తీసిండు.
ముట్టించలే, వేళ్ళ నడుమ తిప్పుకుంట కూసున్నడు.

తరువాత తాడు బరువు మారిందట.
మనిషి బరువుకు, మనిషి పోయిన బరువుకు ఫరకు
తాడు పట్టినోనికే తెలుస్తదట.
బుట్టల పదకొండు చిప్పలు.
ఒక దాంట్ల శనగగింజంత ముత్యం.
అది బొంబాయికి పొయ్యింది, ఆడికెళ్ళి ఏడికో.
మా దిక్కు పెండ్లిండ్లల్ల బస్రా ముత్యమని
కండ్లకద్దుకుంటరు. ఆ మాట నేను మర్జూక్‌కు చెప్పలే.

ఒడ్డుకు వచ్చినంక చిట్టా తెరిచిన్రు.
ఫైరూజ్ పేరు కొట్టేసి కింద కొడుకు పేరు రాసిన్రు.
అంకె అట్లనే ఉంచి, కఫన్ బట్ట పైకం కలిపిన్రు.
పిల్లగానికి తొమ్మిదేండ్లు.

సంగూర్ బాలియోజ్ కచ్చేరికి నడిచిండు.
అంగ్రేజు జెండా కట్టె పట్టుకున్నోడు
ఇగ బానిస కాడని ఒక మాట ఉండె.
రెండు చేతులతోని పట్టుకున్నడు.
దొర కాయితం చూసి చెప్పిండట:
"నువ్వు బానిసవు కాదు, బాకీదారువు. అది వేరే."
ఇద్దరు సిపాయిలనిచ్చి పడవకు పంపిండు.

మా తాత గూడ గడిల పెద్ద జీతగాడు.
ఆ రెండు మాటల నడుమ సందెంతో మాకెర్క:
ఒక్క మనిషి గూడ దూరలేనంత.

మరుసటేడు రెండువందల మంది తెడ్లు పట్టుకొని
కచ్చేరి మీదికి పొయ్యిన్రు,
చిట్టాలు మా ముంగట చదువుండ్రి అని.
అక్షరం రానోళ్ళు. వింటమన్నరు, అంతే.
తుపాకులు పేలినయ్.
ఎంతమందంటె మర్జూక్ వేళ్ళు ముడుస్తడు,
మళ్ళ మొదటికెళ్ళి ముడుస్తడు.

సంగూర్ ఆడ లేడు. నీళ్ళ మీదనే ఉన్నడు.
కింద ఫైరూజ్ కొడుకు, మొదటి మునక.
తాడు అదిరింది.
నఖూదా నోరు తెరవకముందే లాగిండు.
ఉత్త బుట్ట. దగ్గుకుంట పిల్లగాడు.
సంగూర్‌ను గుంజకు కట్టి కొట్టిన్రు,
పుండ్ల మీద చల్లటానికి ఉప్పునీళ్ళకు కరువా?
ఇంటికి వచ్చి జానెడు తాడు కోసి
ఈ మేకుకు కట్టిండు. ఎందుకో ఎవ్వలికి చెప్పలే.

ఇంజినీరు గోడ సాపుగ కావాలన్నడు.
నా పాస్‌పోర్టు కఫీల్ సొరుగుల ఉన్నది,
నేనేం మాట్లాడలే.
మేకును విడిచి చుట్టు సున్నం పెట్టిన.

మాపటీలి, అందరు పొయ్యినంక,
తాడు కొసను పట్టి
ఒక్కసారి గుంజిన.

గోడ కదల్లే.
ఆకిట్ల కునుకుతున్న మర్జూక్
దిగ్గున లేచి నిలవడ్డడు.