నడుమ తెలుపు

ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారగట్ల మూడున్నరకి
ఐసు మిల్లు నోరు తెరుస్తుంది.
దిమ్మని భుజానికెత్తి అందులోకి జార్చడం,
అది నమిలి ఉమ్మిన ముక్కల్ని గంపల్లోకి తొయ్యడం,
ఇదే నా పని.
కాసులు వచ్చేనాటికి ఇరవై రెండేళ్లు.
ఐసులో నాకు తెలియనిదేముంది అనుకునేవాణ్ణి.

జాలారిపేట గుంట. పదకొండేళ్లు.
వాళ్లమ్మ ఎర్రమ్మ కానాగంతల వేలంలో గొంతు చించుకుంటుంటే
ఇది నా దిమ్మ ముందు గొంతుక్కూర్చుంది.
"మావా, అంచులు అద్దంనాగున్నాయి,
నడుమ తెల్లగెందుకున్నాది?"

"ఐసంటే ఐసే. పక్కకి తప్పుకో."

తప్పుకుంది.
మర్నాడు మళ్లీ అక్కడే.
"తెల్లముక్క బేగి కరిగిపోతన్నాది మావా. నాను సూసినాను."
బడి మానేసి, గడప మీద రెండు ముక్కలు పెట్టుకుని,
తల్లి చేత దెబ్బలు తిన్నా లేవకుండా చూసిందట.

మిల్లు మేస్త్రిని అడిగింది. కసిరాడు.
లారీ డ్రైవర్ని అడిగింది. చాక్లెట్టిచ్చి పంపేశాడు.
కంప్రెసర్ చూసే సత్యానందం గారి కోసం
ఫ్యాక్టరీ గేటు దగ్గర మూడు రోజులు కాపు కాసింది.
నాలుగో రోజు ఆయన సైకిలుకి స్టాండేసి చెప్పాడు:
నీళ్లు అంచుల్నించి గడ్డకడుతూ లోపలికొస్తాయి.
నీళ్లలో ఉన్న గాలి వెనక్కి, వెనక్కి తగ్గి,
పోయే దారిలేక నడుమ చిక్కుకుని తెల్లబోతుంది.
ఆ తెలుపు ఊపిరేనమ్మా.

ఆ మాట పరిగెత్తుకొచ్చి నాకు చెప్పినప్పుడు
దిమ్మ నా భుజం మీదే ఉంది.
నీళ్లు వీపున కారుతున్నాయి.
ఎందుకో దించలేకపోయాను.

సోల్జర్‌పేట బడి. నాలుగో తరగతి.
కిటికీలోంచి డాల్ఫిన్ నోస్ కనిపించేది.
"సార్, కొండకి ముక్కుంటే ఊపిరెటు?" అన్నాను.
మేష్టారు నవ్వారు. క్లాసంతా నవ్వింది.
మధ్యాహ్నం గంట దాకా బెంచీ ఎక్కి నిలబడ్డాను.
ఆ తర్వాత ఎవర్నీ ఏదీ అడిగిన గుర్తు లేదు,
కూలి ఎంత అని తప్ప.

కాసులు అక్కడితో ఆగితేనా!
కరిగిన నీళ్లలో నానితే చేప ఎందుకు మెత్తబడుతుంది?
ఆ నీళ్లు ఎటు పోవాలి?
థర్మోకోల్ పెట్టె అడుక్కి మేకుతో బెజ్జం పెట్టింది.
పెద్దదైపోయి ఐసంతా ఆటోలో కారింది, ఆటోవాడు బూతులు తిట్టాడు.
చిన్నది పెడితే పొలుసు అడ్డం పడింది.
ఎర్రమ్మ చీపురు తిరగేసింది:
"నీ పెశ్నలు కూడెడతాయేటే?"

ఐదో పెట్టెకి,
పూర్ణా మార్కెట్లో సాయంత్రం ఆరింటికి
ఎర్రమ్మ కానాగంతల కళ్లింకా మెరుస్తున్నాయి.
పక్క గంపలు సగం ధరకి దిగాయి.
ఆమె దిగలేదు.
ఇంటికెళ్తూ, కూతురు అడిగిందని, థర్మామీటరు కొంది.
మందుల షాపులో దొరికింది జ్వరానిది.
ఐసులో పెడితే పాదరసం కదల్లేదు.
"ఎందుకు కదల్దు?"
ఆ రాత్రి ఇల్లు పడుకోలేదట.

ఇప్పుడు దానికి పందొమ్మిది.
పేటలో నలభై ఇళ్లవాళ్లు దాని బెజ్జం పెట్టెల్లోనే చేపలు మోస్తారు.
ఎన్ని దిమ్మలెయ్యాలని
బోటు సరంగులు వేటకి ముందు దాన్నే అడుగుతారు.
వెంటనే చెప్పదు.
"ఎన్నాళ్ల ఏట? ఏ సేప? గాలెటున్నాది?" అని
తిరిగి వాళ్లనే నిలదీస్తుంది.

నిన్న చీకటుండగా మిల్లు దగ్గరికొచ్చింది.
నాకేమైందో,
నలభై ఏళ్ల నాటిది నోట్లోంచి జారిపోయింది.
"కాసులూ, ఆ కొండకి ముక్కుంటే ఊపిరెటు?"

నవ్వలేదు.
లైట్‌హౌస్ వెలుగు తిరుగుతున్న వైపు చాలాసేపు చూసింది.
"పగలు గాలి సముద్రంకాణ్ణించి వొస్తాది,
రేతిరి సముద్రంలోకి పోతాది గదా మావా.
అదేనేమో. నాకూ తెల్దు.
ఐతారం ఎక్కి సూద్దారా?"

బయట గంపలవాళ్లు ఐసు, ఐసని అరుస్తున్నారు.
మిల్లు ఖాళీగా తిరుగుతోంది.