ముతింటాకి రిపోర్టు

ముతింటా,
నువ్వు అడిగింది ఒక్క ప్రశ్నే.
ఏమొచ్చింది నా బిడ్డకి?
లుసాకాలో జూలై చలి. వార్డు బయట బెంచీ మీద
చితెంగె గుడ్డని భుజాల చుట్టూ లాక్కుని కూర్చున్నావు.
రిపోర్టు ఇంకా రాలేదన్నాను.
అది నిజమే. నిజాలన్నిట్లోకీ చిన్నది.

అప్పటికి నా దగ్గరున్నవి
ఇరవై ఒక్క లక్షల ముక్కలు.
ఒక్కోటీ నూట యాభై అక్షరాలు,
ఉన్నవి నాలుగే, అవే అటూ ఇటూ మారుతూ.
ముందు అడాప్టర్ల తోకలు కత్తిరించాలి.
చివర్లలో యంత్రం తడబడిన చోట్లు చెరిపేయాలి.
మొక్కజొన్న పిండి జల్లించడం లాంటి పని,
ఆలోచన అక్కర్లేదు.
అందుకే ఆలోచనలొస్తాయి.

తర్వాత అతకడం.
ఒకదాని తోక ఇంకోదాని తల,
తల కలిసిన చోట మరో తోక,
తోక పట్టుకుని పోతే ముందు మూడు దారులు,
దారుల్లో రెండు దొంగవి.
తొమ్మిదో గంటలో కరెంటు పోయింది.
ముబిత జనరేటర్‌ని తన్నాడు, తిట్టాడు,
ఆఖరికి లోజీలో ఏదో బతిమాలాడు.
మళ్ళీ మొదటినుంచి.

తెల్లారేసరికి తొంభై నాలుగు కాంటిగ్‌లు.
తొంభై నాలుగు దీవులు, మధ్య ఏమీ లేదు.
కాదు, ఉంది.
ఎనిమిది చోట్ల ఒకేలా రాసిన ఒకే మాట.
పొట్టి ముక్కలు ఆ మాటలోకి వెళ్ళి
ఏ గుమ్మంలోంచి వచ్చాయో మరిచిపోతాయి.
నువ్వూ అదే అన్నావు:
ఎనిమిది రోజులూ ఒకేలా ఉన్నాయక్కా,
ఏది మంగళవారమో తెలీదు.

పొడుగు రీడ్‌లు కావలసి వచ్చింది.
అరచేతిలో పట్టే పెట్టెలో
మిగిలిన డీఎన్ఏ చుక్కంతా పోశాను.
ఈసారి దారం తప్పులతోనే వచ్చింది,
కానీ ఆ మాటని
ఈ గట్టు నుంచి ఆ గట్టుకి దాటేంత పొడుగు.
గురువారం సాయంత్రం తెర మీద
తల వచ్చి తోకని అందుకుంది.
ఒక పెద్ద వలయం. యాభై మూడు లక్షల అక్షరాలు.
పక్కన, దేనికీ అతక్కుండా, చిన్న ఉంగరం. ప్లాస్మిడ్.
మేమిచ్చిన మందులన్నిటికీ జవాబులు అందులోనే.
నాకు సంతోషమేసింది ముతింటా.
దాచను. చప్పట్లు కొట్టాను కూడా.

ఆ తర్వాతే
వార్డు సింకు గొట్టంలోంచి తీసిన దాన్ని పక్కన పెట్టి చూశాం.
అచ్చు గుద్దినట్టు.
యాభై మూడు లక్షల్లో మూడక్షరాల తేడా.
చేతులు శుభ్రంగా కడుక్కోండని
మేం బోర్డు తగిలించింది ఆ సింకు మీదే.
నేనూ అక్కడే కడుక్కున్నాను, రెండుసార్లు.
నీ బిడ్డ రక్తం తీసే ముందు, తీశాక.

సింకు పీకేశారు.
గోడలో ఆ చోట సిమెంటు ఇంకా తడిగానే ఉంది.

రిపోర్టు ఇదిగో.
ఈ క్రిమికి ఒక్క అక్షరం లోటు లేదు.
ఎక్కడ మొదలెట్టి చదివినా
చుట్టూ తిరిగి అక్కడికే వస్తుంది.
ఫైలు మీద మాత్రం
ముతింటా పాప, శాంపిల్ 417 అని ఉంది.
బొడ్డు రాలాక పెడదామనుకున్నారటగా పేరు,
ముబిత చెప్పాడు.

ఏ పేరు అనుకున్నారో
అడగొచ్చో లేదో తెలియక
ఇంతసేపూ అక్షరాల గురించే
మాట్లాడుతున్నాను.