రెండో పిడికెడు

ఎసరు మరిగేలోపు
కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి
గోడకు వేలాడే రేకు డబ్బాలో పోసేది అమ్మమ్మ.
అది దేవుడి వాటా.
శనివారం చీకటి పడేవేళ
చర్చి ఆడవాళ్లు గోనెసంచీతో వచ్చేవారు,
లుంగ్లే కొండ మెట్లెక్కి, ఆయాసపడుతూ, నవ్వుతూ.

అంతవరకూ మిజో ఇళ్లన్నిటా ఉన్నదే.

మా ఇంట్లో ఇంకో పిడికెడు ఉండేది.
వెదురు గిన్నెలో వేసి పొయ్యి పక్కన పెట్టేది.
రాత్రి దీపం ఆర్పే ముందు
దాన్ని రేపటి బియ్యంలో బోర్లించి
"ఇవాళ రాలేదు" అనేది.
వాన రాలేదన్నట్టు. బస్సు రాలేదన్నట్టు.

బియాకా మామయ్య పంతొమ్మిదేళ్లకి
అడవిలోకి వెళ్లాడు, తుపాకీ పట్టిన వాళ్లతో.
ఆ తర్వాత ఊరు కాలింది.
సైనికులు అందర్నీ రోడ్డు పక్కకి నడిపించారు.
రొమ్ముకి పువాన్‌తో కట్టుకున్న కడగొట్టు పిల్ల, మా అమ్మ.
వీపున బుట్ట. బుట్టలో బైబిలు, ఆ రేకు డబ్బా.
దారిలో ఆకలేసినా దేవుడి బియ్యం ముట్టలేదని
చర్చిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.
ముట్టింది. గంజి కాచి పిల్లకి పట్టింది.
నెల తిరక్కుండా బాకీ తీర్చింది, గింజ తగ్గకుండా.

మెత్తని మనిషి అనుకునేరు.
తన ఆవాకు మడి తొక్కిన పందికోసం
పక్కింటి పి సాంగ్‌జేలితో మూడేళ్లు మాట్లాడలేదు.
ఆ మూడేళ్లూ ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని
ఒకే పాటల పుస్తకం చెరో అంచూ పట్టుకుని
గొంతెత్తి పాడారు.

ఎనభై ఒకటో ఏట సండే స్కూలు పరీక్ష రాసింది.
యోబుకి ఎంతమంది పిల్లలు? అని ప్రశ్న.
చచ్చినవాళ్లని కలిపా, కలపకుండానా? అని
జవాబు దగ్గర రాసి వచ్చింది.
సున్నా వేశారు.
వారం రోజులు ఆ పంతులుకి టీ ఇవ్వలేదు.

నేనొకసారి అడిగాను,
మామయ్య కోసం ప్రార్థిస్తున్నావుగా, మళ్లీ ఈ బియ్యం ఎందుకూ అని.
"ప్రార్థన ప్రార్థనే.
నడిచొచ్చినవాడికి ముందు అన్నం కావాలి."

జనవరిలో పోయింది.
లోయంతా పొగమంచు, మా ఇల్లు దాని ఒడ్డున.
కుర్రాళ్లు వంతులేసుకుని గొయ్యి తవ్వారు.
రాత్రంతా డప్పు, పాటలు, టీ కెటిళ్లు.
పి సాంగ్‌జేలి మోకాళ్లు పట్టుకుపోయినా కదల్లేదు,
పుస్తకం తన అంచునే పట్టుకుని కూర్చుంది.
పాస్టరుగారు పిడికెడు బియ్యం గురించి చక్కగా చెప్పారు.
మొదటి పిడికెడు గురించి.
మా అమ్మ నా వైపు చూసింది.

బంధువులు వెళ్లాక, నాలుగో రోజు
ఇంట్లో మళ్లీ మామూలు వంట.
అమ్మ ఒక పిడికెడు డబ్బాలో పోసింది.
మళ్లీ బియ్యంలో చెయ్యి పెట్టి ఆగిపోయింది.
నేను చర్చి మానేసి ఆరేళ్లు,
అలాంటి నేనే అడిగాను,
"ఇక మూడోది కూడా తియ్యాలా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది.
"ఆవిడకి అక్కడ పెడతారులే.
వీడికే, ఎవరు పెడుతున్నారో తెలీదు."
రెండోది తీసింది.

రాత్రి గిన్నె బోర్లించడం నా వంతయింది.
ఏమనాలో తెలుసు. అనలేకపోయాను.
గింజ ఒక్కటీ కింద పడకుండా మాత్రం
రెండు చేతులూ అడ్డం పెట్టాను.