పదకొండు నిమిషాల చోటు

"ప్లస్సా? మైనస్సా?"
రిచీ స్ట్రీట్లో నాజర్ భాయ్ అడిగితే
లెక్కల పిరియడ్‌లో కునుకు తీసినవాడిలా లేచి నిలబడ్డాను.
ఏదైతేనేం, రెండూ గుండ్రమేగా, అన్నాను.
ఆయన అరవంలో నవ్వాడు, నేను తెలుగులో సిగ్గుపడ్డాను.

కొన్నది రికార్డరు, సెకండ్‌హ్యాండు.
కోచ్ ఫ్యాక్టరీ పెయింటు వాసన పోని చేతులతో
పెరంబూరు దాకా బస్సులో
ఒళ్ళో పసిపిల్లలా పెట్టుకొచ్చాను.

వకుళది పాత క్యాసెట్టు, బూజు పట్టింది.
తొంభై ఆరులో బడి వార్షికోత్సవం:
అట్ట కిరీటాలు, మాటిమాటికీ ఊడే మీసం,
మీసం ఊడినప్పుడల్లా తెర వెనక వకుళ గొంతు,
"నవ్వొద్దురా, రాజువి!"
శుక్రవారంతో కార్పొరేషన్ బడిలో తెలుగు సెక్షన్ ఆఖరు.
ఆ రోజు అది పిల్లలకు చూపించాలి.

బడిలో ప్లేయరు మడి కట్టుకున్న ముసలమ్మ.
మొదటి బిళ్ళ, ప్లస్సు. ఇంట్లో చక్కగా ఆడింది.
అక్కడ "నో డిస్క్" అంది.
డిస్కు మింగి కూర్చుని డిస్కు లేదంది!
రెండోది పలకలాంటిది, వెయ్యిసార్లు చెరిపి రాసుకోవచ్చట.
గిర్రున తిప్పింది, ఆలోచించింది, నాలుక చాపి కక్కేసింది.
మూడోది మైనస్సే. అయినా అదే మాట.

"మూత పెట్టారా సార్?" అన్నాడు నాజర్ భాయ్.
"ఫైనలైజ్ చెయ్యందే మీ మిషన్ రాత మీ మిషనే చదువుతుంది.
ఆవకాయ జాడీకి వాసెన కట్టకుండా
ఎవరైనా ఊరికి పంపిస్తారా?"
(ఆవకాయ మాట మాత్రం నాది. ఆయనన్నది ఊరగాయ్.)

రాత్రి చెబితే వకుళ చపాతీ తిప్పుతూ అంది,
"మన మాటా అంతేగా.
ఇంట్లో ఆడుతుంది.
బెజవాడ వెళితే అరవ యాస, ఇక్కడ గొల్టి.
ఎక్కడ పెట్టినా నో డిస్క్."
చపాతీ మాడింది. ఇద్దరం తిన్నాం.

నాలుగో బిళ్ళ. మైనస్సు, రెండు గంటల మోడు.
నాటకం గంటా నలభై తొమ్మిది.
చివర తెర అడిగింది:
ఇక మీదట రాయడం కుదరదు, అవునా, కాదా?
రిమోటు మీద వకుళ బొటనవేలు ఆగింది.
"ఇంకా పదకొండు నిమిషాల చోటుంది కదండీ."

పక్కింటివాళ్ళ హ్యాండీక్యామ్ తెచ్చింది.
పసుపు తీగ పసుపులో, ఎరుపు ఎరుపులో, తెలుపు తెలుపులో.
వంటింటి స్టూలు మీద కూర్చుని
హాజరు పట్టీ విప్పింది.

కోటీశ్వరి.
ఆగింది. "ఉన్నాను టీచర్" అనడానికి పట్టేంతసేపు.
మస్తానయ్య.
ఆగింది.
ఏడుగురే ఈ ఏడాది, అయిపోయారు.
నిరుటి పట్టీ తీసింది, ముందేటిది తీసింది,
అట్ట చిరిగినవి, చెద తిన్నవి,
పెళ్ళిళ్ళయినవాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు,
డ్రైనేజీలోకి దిగి పైకి రాని శీనయ్య.
అతని దగ్గర మిగతావాళ్ళకంటే కొంచెం ఎక్కువ ఆగింది.
ఫ్రిజ్జు గుర్రుమనడం కూడా రికార్డయింది.
"పెంచ" అంటుండగా
డిస్కు నిండింది.

అవును, నొక్కాం.
నాలుగు నిమిషాలు, కరెంటు పోకూడదు.
పెరంబూరులో ఆ మాట దేవుడికి చెప్పుకోవాల్సిందే.
బాల్‌పెన్ను వద్దంటే మార్కరుతో పేరు రాసింది:
తెలుగు సెక్షన్.

పనికిరాని రెండూ బాల్కనీలో దారానికి కట్టాను.
ఎండకు గిర్రున తిరుగుతుంటే పావురాలు రావడంలేదు.
పలకలాంటిది బీరువాలో ఉంది.
చెరపొచ్చు. చెరపలేదు.

శుక్రవారం సాయంత్రం వచ్చి చెప్పులు విడుస్తూ
"ఆడింది" అంది.
చాలాసేపటికి మళ్ళీ అంది,
"పెంచ దగ్గర ఆగిపోయిందా,
వెనక బెంచీలోంచి ఎవరో 'లయ్య' అన్నారండీ."
ఆ తర్వాత, అప్పటికే తుడిచిన గ్యాసు పొయ్యిని
మళ్ళీ తుడుస్తూ నిలబడింది.