అందుకున్నవారి సంతకం

లుబ్లిన్‌లో, పాత శ్మశానం గేటు పక్కన
నా పూలకొట్టు.
అక్టోబరు చివరి చలికి కార్డు మిషను మొరాయిస్తుంది.
స్వెటర్ లోపల పొట్టకానించి
పొదిగే గుడ్డులా వెచ్చబెడతాను.
ఎవరైనా వచ్చాక బయటికి తీస్తే
చుక్క చుక్కగా ఆలోచించి
ఒక్కసారి కూస్తుంది.

వందకి ఒకటిన్నర దానిది.
కుండీల్లో నీళ్ళు మార్చదు, ముళ్ళు గీరించుకోదు,
అయినా ముందు దాని వాటా, తర్వాతే నా గల్లా.
పోనీ, దానికి నేను ఏడవను.
ఏడుపల్లా మధ్యలో పోయే రోజుల గురించి.

జెనోన్ తెల్లవారకముందే వాను వెనక తలుపు తీస్తాడు.
చేతిలో పడితేనే చామంతి.
నా డబ్బు మాత్రం శుక్రవారం బయల్దేరి
శని, ఆదివారాలు ఎక్కడో ముసుగుతన్ని
మంగళవారానికి చేరుతుంది, కాస్త చిక్కి.
ఈలోగా నా సొంత కార్డు మీద ఏటీఎంలో అప్పు తీసి
జెనోన్‌కి ఇస్తాను.
నా డబ్బు నాకొచ్చేదాకా
వడ్డీ నేనే కట్టుకుంటాను.

ఆగస్టులో ఒకాయన వచ్చాడు,
మండుటెండలో నల్ల కోటుతో.
తమ్ముడి కోసం పెద్ద పూలచక్రం.
ఆరు వందల నలభై జ్లోటీలు.
రిబ్బను మీద ఏం రాయమంటారంటే
కార్డు చివర గోటితో గీకుతూ చాలాసేపు నిలబడి
"మనకు ఇంకా మాట్లాడుకోవాల్సింది ఉంది" అన్నాడు.
అక్షరానికి ఇంత అని అడగలేకపోయాను.

మొన్న బ్యాంకు ఉత్తరం.
సరుకు అందలేదని ఆయన ఫిర్యాదట.
ఆరు వందల నలభై వెనక్కి లాగేశారు,
లాగినందుకు కూలి మరో ఎనభై.
పది రోజుల్లో ఋజువు పంపాలి.
ఏడో గడి: అందుకున్నవారి సంతకం.

టీ చల్లారేదాకా ఆ గడి ముందు
పెన్ను పట్టుకు కూర్చున్నాను.
నవ్వొచ్చింది. నవ్వినందుకు సిగ్గేసింది.

పద్నాలుగో వరస, తొమ్మిదో సమాధి. వెళ్ళి చూశాను.
ఎవరూ తీయలేదు.
పూలు మట్టి రంగుకి తిరిగి, తీగ చట్రం తేలింది.
రిబ్బను మీద వాన తినగా మిగిలినవి రెండే మాటలు:
ఇంకా. ఉంది.
మూడు ఫొటోలు తీశాను.
పంపేశాను కూడా. ఒకటో తారీకున అద్దె.

ఈ సాయంత్రం వరసలో ఆయనే.
ఒక గాజు దీపం, అన్నిట్లో చిన్నది.
కార్డు తీయలేదు. అన్నీ నాణేలే,
జేబు వెచ్చదనం ఇంకా పోనివి.
నా ముఖంకేసి చూడలేదు.
నా పొట్ట దగ్గర మిషను ఊరికే వెచ్చగా ఉంది.
చిల్లర లెక్కపెట్టి ఇస్తూ
రశీదు కావాలా అన్నాను.
వద్దన్నాడు.
అయినా చింపి చేతిలో పెట్టాను.