అరిగిన వాదర

ఆదివారం పొద్దున, షెఫీల్డ్ శివార్లలో
కారు డిక్కీలు తెరిచి పాతసామాను అమ్మే మైదానం.
మంచుకు తడిసిన గడ్డి మీద ప్లాస్టిక్ పట్టా,
పట్టా మీద తుప్పెక్కిన బిస్కెట్ డబ్బా,
డబ్బాలో
ముడుచుకు పడుకున్న చాకులు.

నేను కెలకను.
ఒక్కొక్కదాన్నే చెవి దగ్గరికి తెచ్చి తెరుస్తాను.
గోటిగాడిలో బొటనగోరు దూర్చి లాగితే
కాసేపు మొరాయిస్తుంది,
సగం దాటాక తనంతట తనే వచ్చి
టక్!
మంచి స్ప్రింగు మాట తప్పదు,
ఇచ్చినవాడు పోయి నూరేళ్లయినా.

ఈ పిచ్చిలో నా గురువు హార్ట్‌లీ బ్రామల్.
అతని అద్దాల పెట్టెలో మఖమలు మీద వరసగా
ముత్యపుచిప్ప పిడులు, దుప్పికొమ్ము పిడులు,
పుట్టిన్నాటి నుంచీ ఒక్క నిమ్మకాయనైనా కొయ్యనివి.
"బ్లేడు నిండుగా ఉండాలయ్యా" అంటాడు,
"అరిగిందా, పావువంతు ధర."
నిజమే.
ఆ పావువంతు ధరవే నా ఇంట్లో ఉన్నవన్నీ.

బహుళ చతుర్దశి చంద్రుడంత మిగిలిన అలుగులు.
ఒకదాని కీలులో ఇంకా పొగాకు వాసన.
ఒకదాని ఎముక పిడి మీద పంటిగాట్లు:
రెండు చేతులా గొర్రెపిల్లను అదిమి పట్టినవాడు
చాకును ఇంకెక్కడ పెట్టుకుంటాడు?
ఒకదాని వెండిబిళ్ల మీద పేరు చెక్కించి,
ఆ పేరునే మేకుతో గీకేశారు ఎవరో.
అమ్ముకున్నాడో, కొట్టేశారో,
ఇచ్చినమ్మాయి మీద అలిగాడో.

ఈ డబ్బా ఈనిడ్ స్టానిఫోర్త్‌ది.
తొంభైకి ఒకటి తక్కువ.
మడతకుర్చీ, ఫ్లాస్కు, మోకాళ్ల మీద కంబళి.
పద్నాలుగో ఏట మెరుగుపెట్టే కార్ఖానాలో చేరిందట,
కాళ్లకు అట్టకాగితం చుట్టుకుని, తలకు ఎర్రగుడ్డ కట్టుకుని.
"లోపలివైపు కూడా మెరిపించేవాళ్లం" అంది,
"స్ప్రింగు కడుపులో, ఎవరూ చూడని చోట."
"ఎందుకు?"
నా ముఖంలోకి చూసింది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

వాళ్ల నాన్న సానరాయి మీద వంగి బతికాడు.
రాతిపొడి దగ్గు. నలభై ఆరేళ్లు.
చాకుల్నొక్కటే కాదు ఆ రాయి అరగదీసింది.

డబ్బా అడుగు నుంచి ఒకటి తీసి చూపించింది.
నల్లకొమ్ము పిడి. సూదికి అన్నలా ఉంది అలుగు.
"నాన్నది. డబ్బులొద్దు.
కానీ ఒక్క పెన్నీ ఇవ్వాలి.
చాకు ఊరికే పుచ్చుకుంటే స్నేహం తెగుతుంది."

నా దగ్గర కార్డు తప్ప ఏముంది!
జేబు చిరుగులోంచి కోటు అస్తరులోకి
ఎప్పుడో జారిపోయినదాని కోసం
పర్సు పోగొట్టుకున్నవాడిలా ఒళ్లంతా తడుముకున్నాను.
దొరికింది.
చేతికివ్వబోయి ఆగాను.
మా అమ్మ ఉప్పు ఎవరి చేతికీ ఇవ్వదు.
కింద పెడుతుంది, వాళ్లు తీసుకుంటారు,
చేతికిస్తే తగువొస్తుందని.
పెన్నీని పట్టా మీద పెట్టాను.
ఈనిడ్ ఒక క్షణం చూసి
చాకును దాని పక్కన పెట్టింది.
ఎవరిది వాళ్లం తీసుకున్నాం.

ఇంటికొచ్చి ఆపిల్ చెక్కాను.
తొక్క ఎక్కడా తెగకుండా మోచేతి దాకా దిగింది.
ముక్క కోసి, చాకుమొనతోనే
ఉప్పూ కారం అద్దుకుని తిన్నాను.
పాత ఉక్కు, ఉప్పు సోకితే నల్లబడుతుంది,
హార్ట్‌లీ చూస్తే మంచం పడతాడు.
నల్లబడింది.
మొన దగ్గర, ఆపిల్ గింజంత మరక.
లుంగీ అంచుతో తుడిచాను. పోలేదు.
రెండోసారి తుడవలేదు.